మెట్లు దిగితే బజారు

ఈ ఇంటికి 'నేను' అనడం అలవాటు లేదు. తన సంగతి తాను చెప్పుకునేటప్పుడు కూడా 'ఈ ఇల్లు' అనే అంటుంది, పల్లెల్లో పెద్దావిడలు 'ఈ ముసలిదాన్ని ఎవరు పట్టించుకుంటారమ్మా' అని తమ గురించి తామే చెప్పుకున్నట్టు. వందేళ్ళు దాటిన ప్రాణం కదా, ఆ మాత్రం పెద్దరికం చెల్లుతుంది.

న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ స్టేషనుకి వాయవ్యంగా, న్యూఆర్క్ అవెన్యూ నుంచి చీలిన ఒక పక్క వీధిలో ఉంది. స్థలం పాతిక అడుగుల వెడల్పు, నూరడుగుల పొడుగు. చెక్క చట్రం మీద కట్టిన ఒళ్ళు. మొదట చెక్క పలకలు, వాటి మీద ఎప్పుడో అల్యూమినియం రేకులు, ఇప్పుడు వినైల్ తొడుగు. ముందు గది గోడ వీధిలోకి కాస్త ఉబ్బి మూడు కిటికీలుగా తెరుచుకుంటుంది. పక్కింటికీ దీనికీ మధ్య మనిషి అడ్డంగా తిరిగితే పట్టేంత సందు. కింద ఒక వాటా, పైన ఒక వాటా, అడుగున బేస్‌మెంట్. కింద వాటాలో తానుండి, పై వాటా అద్దెతో బ్యాంకు అప్పు కట్టుకోవడం ఈ తరహా ఇళ్ళ అసలు కిటుకు. ఐరిష్‌వాళ్ళూ, ఇటలీవాళ్ళూ, పోలండ్‌వాళ్ళూ, ఆ తర్వాత గుజరాతీలూ అందరూ ఆ కిటుకుతోనే గట్టెక్కారు. తెలుగువాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఈ ఇంటి పుట్టుకకి కారణం రైలు. హడ్సన్ నది అడుగున సొరంగాలు తవ్వి, 1908లో న్యూయార్కుకి రైళ్ళు నడపడం మొదలుపెట్టింది హడ్సన్ అండ్ మన్‌హటన్ కంపెనీ. 1912లో ఈ గుట్ట మీద సమ్మిట్ అవెన్యూ స్టేషన్ తెరిచారు. జర్నల్ స్క్వేర్ స్టేషను అదే. కంపెనీ దివాలా తీసి, 1962లో పోర్ట్ అథారిటీ చేతికొచ్చి, రైలు పేరు 'పాత్' అయింది. ఈ ఇల్లు లేచింది స్టేషను తెరిచిన మరుసటేడు. అప్పటి నుంచీ దీని ధర దూలాలు చూసి కాదు, స్టేషనుకి ఎన్ని అడుగులో చూసి కడుతున్నారు. కాస్త కష్టంగానే ఉంటుంది గానీ, నిజం.

కుళాయి నీళ్ళ విషయంలో మాత్రం ఈ ఇంటికి గర్వం ఎక్కువ. సరఫరా అవుతున్న నీళ్ళు శుభ్రంగా లేవని జెర్సీ సిటీ ఒక ప్రైవేటు నీటి కంపెనీ మీద దావా వేసింది. కంపెనీకి సలహాదారుగా ఉన్న డాక్టర్ జాన్ లీల్ ఎవరి అనుమతీ అడక్కుండా, 1908 సెప్టెంబర్ 26 నుంచి బూంటన్ జలాశయం నీళ్ళలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టాడు. వాడింది మన ఊరి బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ జాతి మందే. ఆ రోజుల్లో తాగే నీళ్ళలో రసాయనం కలపడమంటే జనం మండిపడేవారు. చివరికి కోర్టు ఆయన చేసింది సబబే అంది. అమెరికాలో ఒక ఊరి నీళ్ళకి రోజూ క్లోరిన్ కలపడం మొదలైంది ఇక్కడే. ఆ పద్ధతి తర్వాత దేశమంతా పాకింది. ఈ ఇల్లు పుట్టినప్పటి నుంచీ తాగిందీ తాగించిందీ ఆ నీళ్ళే. అయినా తెనాలి నుంచి వచ్చే నాయనమ్మ, అంటే ఇప్పటి యజమాని తల్లి, గిన్నెడు నీళ్ళు మరగకాచి, చల్లార్చి, గుడ్డతో వడకట్టి గానీ తాగదు. డాక్టర్ లీల్ గురించి ఆవిడకి చెప్పే దారి ఈ ఇంటికి లేదు.

బేస్‌మెంట్‌లో బాయిలర్ ఉంది. మొదట బొగ్గు, తర్వాత నూనె, ఇప్పుడు గ్యాస్. వీధి వైపు గోడలో బొగ్గు దిమ్మరించే రేకు తలుపు ఇంకా అలాగే ఉంది, తుప్పు పట్టి తెరుచుకోదు. ఆవిరి గొట్టాల్లోంచి గదిగదికీ ఎక్కి ఇనప రేడియేటర్లను వేడెక్కిస్తుంది. పక్కనున్న చిన్న బుడిపె లోంచి గాలి బుస్సుమంటుంది. అక్టోబర్‌లో మొదటిసారి బాయిలర్ అంటుకున్న రాత్రి గొట్టాలు ఠంగుఠంగుమని కొట్టుకుంటాయి. కొత్తగా ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఎవరో గోడ బద్దలు కొడుతున్నారని లేచి కూర్చుంటారు. నాయనమ్మ మాత్రం రెండో ఏటికే దాని పనితనం కనిపెట్టింది. రేడియేటర్ మీది చెక్క మూతపై పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి, దాని మీద ఇడ్లీపిండి గిన్నె పెడుతుంది. తెల్లారేసరికి మూత లేపుకుని పొంగుతుంది పిండి. జనవరిలో, బయట మంచు గడ్డకట్టిన రోజున, తెనాలిలో మే నెల పులుపు.

మొదటి యాభై, అరవై ఏళ్ళ కథ త్వరగా చెప్పొచ్చు. కింద వాటాలో రైల్వే పనివాడు, పై వాటాలో కోల్గేట్ సబ్బుల ఫ్యాక్టరీకో, డిక్సన్ పెన్సిళ్ళ ఫ్యాక్టరీకో వెళ్ళే కుటుంబం. కోల్గేట్ వాళ్ళు 1924లో నది ఒడ్డున నిలబెట్టిన యాభై అడుగుల గడియారం ఇప్పటికీ న్యూయార్కు వైపు తిరిగి టైము చెబుతూనే ఉంది, ఫ్యాక్టరీ మాత్రం లేదు. ఫ్రాంక్ హేగ్ అనే మేయర్ 1917 నుంచి 1947 దాకా ఊరిని గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఈ ఇంట్లో ఓట్లు ఎవరికి పడాలో వార్డు మనిషి వచ్చి చెప్పిపోయేవాడు. జర్నల్ స్క్వేర్‌లో 1928లో స్టాన్లీ, 1929లో లోయిస్ సినిమా హాళ్ళు వెలిశాయి. శనివారం సాయంత్రం వీధి వీధంతా ముస్తాబై అటే నడిచేది.

తర్వాత ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, రైల్వే కంపెనీలు కుదేలయ్యాయి. 1930 జనాభా లెక్కల్లో 3,16,715 మంది ఉన్న ఊరు 1980కి 2,23,532కి దిగిపోయింది. స్టాన్లీని 1983లో యెహోవా సాక్షులు కొని సమావేశ మందిరం చేసుకున్నారు. లోయిస్ 1986లో తలుపులు మూసింది. దాన్ని కూల్చకుండా ఊరివాళ్ళు పోరాడితే 1993లో నగరపాలక సంస్థ కొంది. ఖాళీ ఇళ్ళు చవగ్గా దొరికిన ఆ రోజుల్లోనే న్యూఆర్క్ అవెన్యూలో మొదటి మసాలా కొట్లు తెరుచుకున్నాయి. 1965 వలస చట్టంతో వచ్చిన భారతీయుల్లో గుజరాతీలు ఎక్కువమంది ఇక్కడ నిలదొక్కుకున్నారు. ఈ ఇంటిని కొన్నదీ ఒక గుజరాతీ కుటుంబమే. వాళ్ళు వచ్చాక గోడలు మొదటిసారి ఇంగువ వాసన పీల్చాయి.

1987 వేసవిలో జెర్సీ జర్నల్ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవాళ్ళు తమని 'డాట్‌బస్టర్స్' అని చెప్పుకున్నారు. బొట్టు పెట్టుకునేవాళ్ళని ఈ ఊరి నుంచి తరిమేస్తామని, టెలిఫోన్ డైరెక్టరీలో పటేల్ అన్న పేరు వెతికి ఇళ్ళు పట్టుకుంటామని దాని సారం. సెప్టెంబర్ చివర పక్కనున్న హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే యువకుణ్ణి చావబాదారు. ఆయన ప్రాణం పోయింది. ఆ రోజుల్లోనే జెర్సీ సిటీ హైట్స్‌లో డాక్టర్ కౌశల్ శరణ్‌ని కొట్టి స్పృహ లేని స్థితిలో వదిలేశారు. ఈ ఇంటి యజమాని తపాలా పెట్టె మీది పేరు చెక్క పీకేశాడు. ఆడవాళ్ళు గడప దాటే ముందు అద్దంలో చూసుకుని బొట్టు బిళ్ళ తీసి అద్దానికే అంటించి వెళ్ళేవారు. ఆ అద్దం ఉన్న గోడలోంచి ఈ ఇల్లు చూసింది ఇంతే, చెప్పగలిగిందీ ఇంతే. భారతీయులు ఊరు వదిలి పోలేదు. ఊరేగింపులు చేశారు, కోర్టుల చుట్టూ తిరిగారు. 1990లో న్యూజెర్సీ ఇలాంటి నేరాలకి శిక్ష పెంచే చట్టం తెచ్చింది. ఈ రోజున అదే న్యూఆర్క్ అవెన్యూలో దసరా నవరాత్రులకి వీధి మూసి గర్బా ఆడతారు. నాయనమ్మ మడత కుర్చీ వేసుకుని చూసి, "మన కోలాటమేగా, పాటే వేరు" అని తీర్పు చెప్పేసింది.

తెలుగు ఈ ఇంట్లోకి వచ్చింది బేస్‌మెంట్ గుండా.

1998 ప్రాంతం. 2000 సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తికమకపడతాయన్న భయంతో ప్రోగ్రామర్లకి గిరాకీ. హెచ్-1బి వీసాల పరిమితిని ఏడాదికి 65,000 నుంచి ముందు 1,15,000కి, 2001 నుంచి మూడేళ్ళ పాటు 1,95,000కి పెంచారు. ఒక కన్సల్టెన్సీ ఈ బేస్‌మెంట్‌నీ పై వాటానీ అద్దెకి తీసుకుని 'గెస్ట్ హౌస్' అని పేరు పెట్టింది. గెస్ట్ ఎక్కడ, హౌస్ ఎక్కడ! నేల మీద పరుపులు, మూలన పెద్ద రైస్ కుక్కర్, గోడకి వంటపాత్రల వంతుల చీటీ. హైదరాబాదు, విజయవాడ, వరంగల్ కుర్రాళ్ళు. ప్రాజెక్టు దొరికేదాకా 'బెంచ్ మీద' ఉన్నట్టు. ఫోన్‌లో ఇంటర్వ్యూ జరుగుతుంటే మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి మెట్ల మీద కూర్చునేవారు. కారు లేదు, లైసెన్సు లేదు, చేతిలో డాలర్లు తక్కువ. అలాంటివాళ్ళకి నడిస్తే రైలు, ఆ రైలు రాత్రంతా నడుస్తుంది, ఎక్కితే పావుగంటలో న్యూయార్కు. నడిస్తే కందిపప్పు కూడా. గెస్ట్ హౌసులన్నీ ఈ చుట్టుపక్కలే ఎందుకు పుట్టాయో వేరే చెప్పనక్కర్లేదు.

2001 సెప్టెంబర్ 11న ఈ గుట్ట మీది నుంచి తూర్పున పొగ కనిపించింది. ట్రేడ్ సెంటర్ కింది పాత్ స్టేషను నేలమట్టమైంది. సొరంగంలోకి నీళ్ళొచ్చి ఇవతలి ఒడ్డున ఎక్స్ఛేంజ్ ప్లేస్ స్టేషను 2003 జూన్ దాకా తెరుచుకోలేదు. అవతల మళ్ళీ తాత్కాలిక స్టేషను వచ్చేసరికి ఆ ఏడాది నవంబర్. మధ్యలో ఉద్యోగాలూ ఊడాయి. పరుపులు చుట్టి కొందరు ఇండియా వెళ్ళిపోయారు. కొందరు టెక్సాస్ పోయారు. ఒకడు మిగిలాడు.

ఆ మిగిలినవాడే 2004లో ఈ ఇల్లు కొన్నాడు. ఒకప్పుడు తన పరుపు వేసుకున్న బేస్‌మెంట్ తనదైంది. తూర్పు ముఖం కాబట్టి తెనాలిలో అందరూ సంతోషించారు. ఈశాన్యంలో బాత్‌రూం ఉందని తెలిశాక నెల్లాళ్ళు ఫోన్లు నడిచాయి. 1913లో కట్టిన వడ్రంగికి వాస్తు తెలియదని ఒకరూ, తలుపు దగ్గర ఉప్పు గిన్నె పెట్టమని ఇంకొకరూ. గిన్నె పెట్టారు. పై వాటా అద్దె సగం అప్పుని మోసింది. పెళ్ళయింది, పిల్లాడు పుట్టాడు, తల్లి సందర్శకుల వీసా మీద ఆరేసి నెలలకి రావడం మొదలైంది.

ఇక్కడ ఈ ఇల్లు కాస్త ఆగి చెప్పాలనుకుంటుంది. అమెరికాలో ఇల్లు బాగుందా లేదా అని కొడుకుని అడిగితే పడకగదులు లెక్క చెబుతాడు. కారు నడపడం రాని, ఇంగ్లీషు రాని తల్లిని అడగాలి అసలు సంగతి.

పొద్దున కొడుకూ కోడలూ రైలెక్కాక, నాయనమ్మ నేత చీర మీద కొడుకు పాత కోటు వేసుకుంటుంది. మడత బండి తీసుకుని, పక్కకి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంది. వీధి చివర కుడివైపు తిరిగితే న్యూఆర్క్ అవెన్యూ. కెన్నెడీ బులవార్డ్ నుంచి టనెల్ అవెన్యూ దాకా ఇండియా స్క్వేర్. కూరగాయల కొట్ల ముందు, పేవ్‌మెంట్ మీదే అట్టపెట్టెల్లో దొండకాయలు, గుత్తి వంకాయలు, మునక్కాడలు. గోంగూర కట్ట ఎత్తి, కాడ విరిచి చూసి, రంగు చూసి, పెట్టి, ఇంకోటి ఎత్తుతుంది. మొదటి ఏడు ప్రతి కట్టనీ రూపాయల్లోకి మార్చి గుండె బాదుకుంది. ఇప్పుడు మార్చడం మానేసింది, బేరం మాత్రం మానలేదు. కొట్టాయన గుజరాతీ హిందీ, ఈవిడ టీవీ సీరియళ్ళ హిందీ. రెండిటి మధ్యా కరివేపాకు రెమ్మలు ఊరికే వస్తాయి. ఆ వీధిలోనే మందుల షాపు, బంగారం కొట్లు, చీరల కొట్లు, పాన్ డబ్బాలు, సప్తగిరి, శ్రీ గణేశ్ దోసా హౌస్ లాంటి శాకాహార హోటళ్ళు. హోటల్ దోసె చూసి, "రేడియేటర్ మీద పులిసిన పిండి రుచి దీనికి లేదు" అంటుంది. ఈ ఇంటికి అంతకన్నా కితాబు అక్కర్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఓపికుంటే జర్నల్ స్క్వేర్ దాకా వెళ్ళి బెంచీ మీద కూర్చుంటుంది. ఎదురుగా జాకీ రాబిన్సన్ కంచు విగ్రహం. నల్లవాళ్ళని తెల్లవాళ్ళ లీగుల బేస్‌బాల్‌లోకి రానివ్వని రోజుల్లో, 1946 ఏప్రిల్ 18న ఆయన ఆ గోడ దాటి తొలి ఆట ఆడింది ఈ ఊళ్ళోనే, రూజ్‌వెల్ట్ స్టేడియంలో. బెంచీ మీద నెల్లూరావిడ, కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దాయన, ఒక్కోసారి ఫిలిప్పీన్స్ ముసలావిడ. కోడళ్ళ మీద చాడీలకి ఏ భాషయినా సరిపోతుందట. రొమెయిన్ అవెన్యూలోని 23వ నంబరు ప్రభుత్వ పాఠశాలకి మహాత్మా గాంధీ పేరు పెట్టారు. మనవడు అక్కడ చదువుకున్న ఏళ్ళలో మధ్యాహ్నం వెళ్ళి వాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చింది ఈవిడే.

లోటుపాట్లు లేవని ఈ ఇల్లు అనదు. గుడికి నడిచి వెళ్ళొచ్చు గానీ, వెంకటేశ్వరస్వామిని చూడాలంటే బ్రిడ్జ్‌వాటర్ దాకా కారు కావాలి. కారు ఉంటే పార్కింగ్ ఉండదు. వీధి ఊడ్చే రోజున బండి పక్కకి జరపకపోతే టికెట్టు. మంచు పడితే ఇంటి ముందు పేవ్‌మెంట్ శుభ్రం చేయాల్సింది ఇంటివాళ్ళే. 2012లో శాండీ తుపాను నది ఒడ్డు వీధులన్నీ ముంచినా, గుట్ట మీద ఉండటం వల్ల ఇక్కడ నీళ్ళు రాలేదని విర్రవీగింది ఈ ఇల్లు. 2021 సెప్టెంబర్ 1న ఐడా వచ్చింది. ఆ ఒక్క రోజే న్యూఆర్క్ విమానాశ్రయంలో 8.41 అంగుళాల వాన. ఈ ఊళ్ళో వాననీటికీ మురుగునీటికీ చాలాచోట్ల ఒకటే గొట్టం. గొట్టం పట్టక, నీళ్ళు బేస్‌మెంట్ నేల మధ్యనున్న జాలీ లోంచి పైకి తన్నుకొచ్చాయి. మూడు సోనామసూరి బస్తాలు, ఆవకాయ జాడీ, పెళ్ళి ఆల్బమ్ పెట్టె. జాడీ మూతకి కట్టిన గుడ్డ విప్పకుండానే నాయనమ్మ దాన్ని చెత్తబండిలో వేయించింది. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

చుట్టూ ఊరు మారిపోతోంది. స్టేషను పక్కన జర్నల్ స్క్వేర్డ్ అనే మేడల్లో మొదటిది, 53 అంతస్తులది, 2017లో జనాన్ని చేర్చుకుంది. సాయంత్రం ఎండ ఇప్పుడు వీటి అద్దాల మీద పడి తిరిగి ఈ వీధిలోకి వస్తుంది. ఇంటి పన్ను 1988 నాటి విలువల మీద ముప్ఫై ఏళ్ళు నడిచి, 2018లో కొత్తగా లెక్కగట్టేసరికి నగరమంతా గగ్గోలు. నాలుగు వాటాలు మించని ఇళ్ళకి అద్దె నియంత్రణ వర్తించదు కాబట్టి పై వాటా అద్దె ఎంతకయినా పోతుంది. పోతోంది కూడా. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2010, 2017 మధ్య 86 శాతం పెరిగారని ఇక్కడి జనగణన శాఖ సర్వేలు తేల్చాయి. వాళ్ళలో వాటా వెతుక్కుంటూ ఈ మెట్లెక్కినవాళ్ళూ తక్కువేం లేరు. ఇల్లు రొక్కానికి కొంటామని ముక్కూ మొహం తెలియనివాళ్ళ కార్డులు వారానికి రెండు మూడు తలుపు సందులోంచి పడతాయి. ఒకప్పుడు డాట్‌బస్టర్స్ ఉత్తరం వేసిన జెర్సీ జర్నల్ మాత్రం 2025 ఫిబ్రవరి 1 సంచికతో మూతబడింది.

కొడుకు మన్రోలో ఇల్లు కొన్నాడు. దక్షిణంగా గంట ప్రయాణం. నాలుగు పడకగదులు, రెండు కార్ల గరాజ్, వెనక డెక్, లాన్. ఈశాన్యంలో పూజ గది. ఆ ఏడు నాయనమ్మ విమానం దిగగానే తిన్నగా అక్కడికే తీసుకెళ్ళారు. మూడో వారంలో కొడుకు ఏదో కాగితం కోసం ఈ ఇంటికి వస్తే ఆవిడా వెంట వచ్చింది, సూట్‌కేసుతో సహా.

"ఏంటమ్మా ఇది?"

"అక్కడ మనిషి కనపడడురా. కరివేపాకు కొట్టు ఎంత దూరమంటే కార్లో పావుగంట అంటావు. నడిస్తే ఎంతంటే నవ్వుతావు. గడ్డి కోసేవాడు తప్ప వీధిలో పురుగు లేదు."

"పెద్ద ఇల్లు కదమ్మా."

"పెద్దదేరా. ఊడవడానికి."

అప్పటికి పై వాటాలో నాయనమ్మ చిన్న కూతురూ అల్లుడూ అద్దెకుంటున్నారు. కింద వాటా ఖాళీగా ఉంది, ఇల్లు బేరానికి పెట్టారు. ఏజెంటు వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు. బోర్డు పాతడానికి వచ్చిన రోజున నాయనమ్మ ఆ చోటనే, గేటు పక్కన, మెంతులు చల్లి తడుపుతోంది. కొడుకు ఒకటి రెండు రోజులు వాదించి, కోడలితో మాట్లాడి, బోర్డు వెనక్కి పంపేశాడు. అల్లుడున్న చోట ఆరు నెలలు ఉండటమేమిటని తెనాలి నుంచి నాయనమ్మ చెల్లెలు ఫోన్‌లో దెప్పితే, "ఇది నా కొడుకు ఇల్లు. అల్లుడే అద్దెకుంటున్నాడు, పైన" అని నోరు మూయించింది.

ఆదివారం పొద్దున్నే మన్రో నుంచి కొడుకు కుటుంబం ఇడ్లీకి వస్తుంది. వీధిలో చోటు దొరక్క రెండు మూడు చుట్లు కొట్టి, చివరికి బులవార్డ్ అవతల డబ్బులిచ్చే పార్కింగ్‌లో కారు పెట్టి, నలుగురూ నడిచి వస్తారు. దారిలో కొత్తిమీర తెమ్మని పై వాటా కిటికీ లోంచి చిన్న కూతురు ఫోన్ చేస్తుంది.